గుంట పూడే దాకా

గుంటల బాబాయికి ఉన్న పిచ్చి ఒక్కటే: కంటపడ్డ ప్రతి వస్తువునూ బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడుతుందో లేదో చూడడం. గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో లోహం గట్టిదనం పరీక్షించడం ఆయన ఉద్యోగం. యంత్రంలోని ఉక్కు గోళీ లోహపు ముక్కను నొక్కుతుంది; పడిన గుంటను మైక్రోస్కోపులో కొలుస్తారు. గుంట చిన్నదైతే లోహం గట్టిది, పెద్దదైతే మెత్తనిది. ఇరవై ఆరేళ్ళు ఆ పని చేశాక ఆయన వేలికీ ఆ గోళీకీ తేడా లేకుండా పోయింది.

క్యాంటీన్‌లో రొట్టె నొక్కేవాడు. మేనేజరు కొత్త కారు తలుపు నొక్కి, సొట్ట పూడకపోతే, రేకు పలచనని ఆయనకే చెప్పి వచ్చాడు. చందమామ మీది గుంటల మాటెత్తితే మాత్రం మొహం చిట్లించేవాడు. కొలతలు రాసుకోకుండా ఎవరో నొక్కి వదిలేశారని ఆయన ఫిర్యాదు.

పక్క బల్ల దగ్గర లోహపు ముక్కలకు పాలిష్ పట్టే అమ్మాయి ఇవన్నీ చూసి పడీపడీ నవ్వేది. నెల రోజులుగా ఆ నవ్వు మానేసింది. పొద్దున లేస్తే కళ్ళ కింద ఉబ్బు. చెప్పులు బిగుతు. నిలబడి చేసే పని కదా అని ఇంట్లో నమ్మించింది గాని, తనకే నమ్మకం కుదరలేదు. డాక్టరు దగ్గరికి వెళితే ఏదో జబ్బు పేరు చెబుతారు. ఆ పేరు వినాలంటే భయం. అంతకన్నా బాబాయి చూపంటే భయం. రెండు రోజులుగా అది ఆమె పాదాల దగ్గరే ఆగుతోంది.

మూడో రోజు ఆయన యంత్రం ఆపేశాడు.

"అమ్మాయ్, నేను ముట్టుకోను. మోకాలి కింద, ఎముక మీద నువ్వే గట్టిగా నొక్కి వదులు."

నొక్కి వదిలింది. గుంట అలాగే ఉంది. ఆయన చేతిగడియారం చూస్తూ లెక్కపెట్టసాగాడు. పది. ఇరవై. నలభైకీ పూడలేదు.

"పూడుతుందిలే, బాబాయ్," అంది కాలు వెనక్కి లాక్కుని.

"ఇనుములో గుంట నిలవాలి. మనిషిలో నిలవకూడదు. పద."



ఆసుపత్రిలో పరీక్షలు చేసి, ఫలితం సాయంత్రానికి వస్తుందన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఆమె లేచి నిలబడేది. బాబాయి పక్కనే కూర్చున్నాడు గాని, బెంచీ మీది మెత్తను ఒక్కసారి కూడా నొక్కలేదు. అది గమనించాక ఆమెకు ఉన్న ధైర్యం కాస్తా పోయింది.

చివరికి డాక్టరమ్మ పిలిచింది. మూత్రపిండాలు దెబ్బతినడం మొదలైందని, ఇంకొన్నాళ్ళు దాచి ఉంటే చేయిదాటిపోయేదని, ఇప్పుడైతే మందులకు లొంగుతుందని చెప్పింది. బాబాయి బయటికొచ్చి బెంచీని నాలుగుచోట్ల నొక్కాడు.

ఆరు వారాలకు ఆమె పనిలోకి తిరిగొచ్చేసరికి బల్ల దగ్గర ఎత్తయిన కొత్త కుర్చీ ఉంది. ఎక్కడిదని అడిగితే మేనేజరు ఒక కాగితం చేతికిచ్చాడు. లోహపు ముక్కలను పరీక్షించి నింపే ఫారమే. బాబాయి చేతిరాత.

"నమూనా: పాలిష్ అమ్మాయి. లోపం: వేళకు దొరికింది. ఎక్కువసేపు నిలబెట్టరాదు. నాణ్యత: ఇరవై ఆరేళ్ళలో చూసినవాటిలోకెల్లా మేలు."

ఆ ఫారంలో బాబాయి రాసినదాన్ని కొట్టేసే అధికారం మేనేజరుకు కూడా లేదు.