అట్ట తమ్ముడి చేతిలో దీపం

నా చిన్నప్పుడు మా ఇంటికి ఎవరు ఫోన్ చేసినా "తిన్నారా" అని అడిగేవారు కాదు, "టెర్మిన్ దొరికిందా" అని అడిగేవారు. జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో అప్పుడు మేమిద్దరమే ఉండేవాళ్ళం, మా నాన్నా నేనూ. అమ్మ పురిటికని కరీంనగర్‌లో అమ్మమ్మ దగ్గరికి వెళ్ళింది. బడి పోతుందని నన్ను నాన్న దగ్గరే ఉంచింది. ఆమె వెళ్ళిన కొన్నాళ్ళకే కరోనా వచ్చి విమానాలు ఆగిపోయాయి. తమ్ముడు అక్కడే పుట్టాడు. విమానాలు మెల్లగా మొదలయ్యాక కూడా వాడికి వీసా కావాలి, వీసాకి టెర్మిన్, అంటే వీసా ఆఫీసులో అపాయింట్‌మెంట్, కావాలి, ఆ ఆఫీసేమో తెరిచినట్టే తెరిచి మళ్ళీ మూసేసేది. నాన్న పొద్దున లేస్తూనే మొహమైనా కడుక్కోకుండా కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. ఏ లోహం ఎంత వేడికి కరుగుతుందో నోటికి చెప్పగల మనిషి, ఒక్క టెర్మిన్ సంపాదించలేకపోయాడు. అది ఆయన చేతకానితనం కాదని తెలుసుకునే వయసు నాకింకా లేదు. ఆయన మీద అలిగేదాన్ని.

అలాగే డిసెంబరు వచ్చింది. మాది పాత గనుల ఊరు. ఆ నెలంతా ప్రతి కిటికీలోనూ ఏదో ఒక దీపం వెలుగుతుంది. బడి మళ్ళీ మూసేశారు. క్రిస్మస్‌కి మీకిష్టమైన వాళ్ళకోసం చేత్తో ఏదైనా చేసి కిటికీలో పెట్టండని టీచరు కబురు పంపింది. నాకు ఇష్టమైనవాళ్ళెవరో వేరే చెప్పాలా? అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకున్న ఫోటోను బంగారు కాగితం నక్షత్రం మీద అతికించాను. రంగు కాగితాలతో గొలుసు అల్లి ఫోటో చుట్టూ వేశాను. ముందు ఒక కొవ్వొత్తి వెలిగించాను. నా పనితనానికి నేనే మురిసిపోయి, అమ్మకు చూపిద్దామని వీడియో కాల్ చేశాను.

ఫోన్ ఎత్తింది అమ్మమ్మ.

"ఏందే ఇది? ఫోటోకు దండేసి ముంగట దీపం పెట్టినవా? పాలు తాగే పోరనికి?"

ఆ తర్వాత ఆమె ఏడుపే వినపడింది. వాళ్ళ వాడలో ఆ రోజుల్లో మనుషులు ఒకరి వెనక ఒకరు పోతున్నారు. ఏ ఇంట చూసినా కొత్తగా దండ పడిన ఫోటో ఒకటి ఉండేదట. నాకేం తెలుసు? నేను పుట్టి పెరిగిన ఇంట్లో పోయినవాళ్ళ ఫోటోలే లేవు. అమ్మ ఫోన్ గుంజుకుని, "నీకేమెరుక బిడ్డా, ఏం కాదు, తీసెయ్" అంది.

నాన్న పక్కగదిలోంచి వచ్చి చూశాడు. ఇలాంటివి నేను నమ్మను అని అందరితో చెప్పే మా నాన్న, కొవ్వొత్తి ఊదబోయి టక్కున ఆగాడు. దీపాన్ని నోటితో ఊదకూడదు కదా. వేళ్ళతో నలిపి ఆర్పి, కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకున్నాడు. ఫోటోను తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టాడు. ఏదో ఒక వంకతో అమ్మకు మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశాడు.

వీధి మొత్తంలో మా కిటికీ ఒక్కటే చీకటిగా ఉండిపోయింది. అది కనిపెట్టింది కింది ఇంటి ఓమా. జర్మన్‌లో ఓమా అంటే అమ్మమ్మే. ముక్కుసూటి మనిషి, ఎవరి బూట్లు మెట్ల మీద కనపడినా ఊరుకునేది కాదు. చెత్త పడేయడానికి దిగిన నన్ను ఆపి, మీ కిటికీ ఎందుకు ఆరిపోయిందని అడిగింది. ఎక్కిళ్ళు పెడుతూ మాస్కులోంచే అంతా చెప్పాను. ఆమె నవ్వలేదు, ఇవన్నీ మూఢనమ్మకాలు అనలేదు. లోపలికెళ్ళి అట్టలు, కత్తెర, జిగురు తెచ్చి మధ్య మెట్టు మీద పెట్టింది. ఒకరింట్లోకి ఒకరు వెళ్ళకూడని రోజులవి. ఆమె తన గుమ్మంలో కుర్చీ వేసుకుంది, నేను పైమెట్టు మీద కూర్చున్నాను.

"మీ ఇంట్లో ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు?" అని అడిగింది.

నేనొక్కదాన్నే, తమ్ముడింకా రాలేదన్నాను. రాకపోతేనేం, మీ ఇంటివాడే కదా అంది. అక్కడి ఆచారం అది. ఇంట్లో ప్రతి ఆడపిల్లకీ ఒక దేవదూత బొమ్మ, ప్రతి మగపిల్లాడికీ ఒక గని కార్మికుడి బొమ్మ కిటికీలో నిలబెడతారు. మా దేవదూతకు ఒక రెక్క వంకరపోయింది. తమ్ముడికి పొడుగు టోపీ, చాక్లెట్ల బంగారు కాగితంతో గుండీలు. అంతా అయ్యాక బ్యాటరీతో వెలిగే చిన్న దీపాన్ని తమ్ముడి ముందు పెట్టబోయి భయంతో చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఓమా దాన్ని తీసుకుని వాడి అట్ట చేతుల్లో గుచ్చింది.

"ముందు పెట్టకు, చేతికివ్వు. గనిలోంచి ఇంటికి నడిచొచ్చేవాడికి దీపం చేతిలోనే కదా ఉండాలి."

ఓమా వాళ్ళ నాన్న కూడా గనిలోకి దిగేవాడట. మీ అమ్మేం చేసేదని అడిగాను. కిటికీలో దీపం పెట్టి కూర్చునేది, అంతకంటే ఏం చేయగలదు అంది. తమ్ముడు తప్పకుండా వచ్చేస్తాడని ఆమె నాతో అనలేదు. అబద్ధపు ధైర్యం చెప్పని పెద్దమనిషిని నేను మొదటిసారి చూశాను.

సాయంత్రం భయపడుతూనే అమ్మమ్మకు చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చూసింది.

"గా లైటు పట్టుకున్న బుడ్డోడు ఎవడే?"

"తమ్ముడు. నడుచుకుంట ఇంటికొస్తున్నడు."

"గట్లనా," అంది. "అయితే ఉండనీ. చెయ్యి కాలకుండ జూడు."

టెర్మిన్ మాత్రం దొరకలేదు. పండగ అయిపోయింది. ఫిబ్రవరిలో అందరూ బొమ్మలు డబ్బాల్లో సర్దేశారు, మాది సర్దలేదు. ఓమా కిందనుంచి తలెత్తి చూసి తన పనిలో తను పడేది. ఎండాకాలంలో అక్కడ కరోనా మళ్ళీ విరుచుకుపడింది. అమ్మమ్మ పోయింది. మేం ఫోన్లో చూశాం. నాన్న ఫోన్ పట్టుకున్నాడు, నేను నాన్న చొక్కా పట్టుకున్నాను, చేసిందల్లా అంతే.

చివరికి టెర్మిన్ దొరికి, చలి మళ్ళీ మొదలవుతుండగా అమ్మ, తమ్ముడు వచ్చారు. ఫ్రాంక్‌ఫర్ట్ ఎయిర్‌పోర్టులో వాడు నాన్నను చూసి జడుసుకుని ఏడ్చాడు. ఇంటికొచ్చాక మాత్రం తప్పటడుగులతో కిటికీ దగ్గరికెళ్ళి, తన బొమ్మను తనే లాక్కుని టోపీ నమిలాడు. ఆ డిసెంబరులో అమ్మ దేవుడి అల్మరా పక్కన అమ్మమ్మ ఫోటో పెట్టి, దండ వేసి, ముందు దీపం వెలిగించింది. కిటికీలో నేనూ తమ్ముడూ అట్ట బొమ్మలుగా దీపాలు పట్టుకుని నిలబడ్డాం. ఫోటో ముందున్న దీపాన్నీ, బొమ్మల చేతుల్లోని దీపాలనూ ఒకే గదిలో చూసినప్పుడు నాకు అమ్మమ్మ ఏడుపు అర్థమైంది. అప్పుడు ఏడ్చాను, ఆమె కోసం.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. మన చేతుల్లో లేని సంగతులు బతుకులో ఎన్ని వస్తాయో చూశాను. అలాంటప్పుడు నేను అంతా బాగవుతుందని ఎవరికీ చెప్పను. రావాల్సినవాళ్ళ చేతికి ఒక దీపం ఇచ్చి కిటికీ దగ్గర కూర్చుంటాను, ఓమా వాళ్ళ అమ్మలాగే. టోపీ నమిలిన ఆ అట్ట బొమ్మ ఇంకా నా దగ్గరే ఉంది. తమ్ముడు కెమ్నిట్జ్‌లో ఉంటాడు, జుట్టంతా తెల్లబడింది. డిసెంబరులో వాడి రైలు ఆలస్యమైందంటే ఫోన్ చేసి ఒకటే అడుగుతాడు.

"అక్కా, నా చేతికి దీపం ఇచ్చినవా?"

"ఇచ్చిన, నడిచి రా" అంటాను.