మచ్చలు తుడిచే మనిషి

పాత టీవీ సీరియళ్లను ఇప్పటి పెద్ద తెరలకు తగ్గట్టు శుభ్రం చేసే ఆయనకు చేతులు ఊరుకోవు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో ఫ్రేములో దుమ్మూ గీతలూ చెరిపే అలవాటు కదా, హోటల్లో బల్ల మీది నీటిచుక్కను తుడుస్తాడు. ఎదుటివాడి చొక్కా మీద నూలుపోగు కనిపిస్తే మాట మధ్యలోనే లాగేస్తాడు. "ఓసారి నా పుట్టుమచ్చనే గోకబోయారు, మహానుభావుడు!" అని భార్య అందరికీ చెప్పి నవ్వుతుంది.

ఓ పాత సీరియల్లో తల్లి వేషం వేసిన పెద్దావిడ, తన సీను చూసుకుందామని మొన్న వచ్చింది. తెర మీద అద్దంలా మెరిసే తన ముఖాన్ని కాసేపు చూసి, "బాగుంది నాయనా. మరి నా కన్నీళ్లేవి?" అంది. ఆయన గతుక్కుమన్నాడు. చెంప మీది తెల్లటి మెరుపును ఫిల్ము మీద గీత అనుకుని అంతకుముందే చెరిపేశాడు.

"గ్లిజరిన్ చుక్కలే కదమ్మా, మళ్లీ పెట్టేస్తాను."

"ఆ రోజు గ్లిజరిన్ సీసా ఖాళీ. అవి నావే నాయనా."

అప్పట్నుంచి ప్రతి గీత దగ్గరా ఆయన చెయ్యి ముందుకు వెళ్తుంది, వెనక్కి వస్తుంది. "ఇంకా ఎంతసేపయ్యా?" అని యజమాని కసిరితే, తెర మీంచి కళ్లు తిప్పకుండానే అన్నాడు:

"ఇది దుమ్మో, ఏడుపో తేలట్లేదండీ."