తిట్టు తెలుగులో, మెప్పు తమిళంలో

మేమంతా అక్కా అని పిలిచే మా సూపర్‌వైజర్ పోయిందన్న కబురు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి చేరేసరికి, ఈ సీజన్ మొదటి లారీ కాయలు ఏరే బల్ల మీద ఉన్నాయి. ఏడుస్తూనే ఆ బల్ల ఖాళీ చేశాం. పండును బల్ల మీద కాచుకోబెట్టి పాడవనిస్తే ఆమె ఊరుకునే మనిషి కాదు!

తమిళనాడు ధర్మపురిలో మాలాంటి తెలుగువాళ్ళకు ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఫ్యాక్టరీలో తెలుగు తెలిసింది ఆమెకూ నాకూ మాత్రమే. దాన్ని ఆమె వాడుకున్న తీరు తలచుకుంటే ఇప్పటికీ నాకు హుషారు పుడుతుంది. నన్ను మెచ్చుకుంటే తమిళంలో, బాయిలర్ హోరును మించిన గొంతుతో. తిడితే తెలుగులో, నా చెవికి మాత్రమే. మిగతావాళ్ళను తిట్టాలంటే టీకని బయటికి పిలిచేది. ఎవరికి తిట్టో ఎవరికి ఉత్త టీయో తెలియకుండా రోజూ ఎవరినో ఒకరిని పిలిచేది!

ఏరే బల్లకు నన్ను పెద్దను చేసిన మొదటి వారం. ఎండకు తొక్క పసుపెక్కిన పచ్చికాయలను పండ్లనుకుని లోపలికి వదిలేశాను. గుజ్జు పాలిపోయి పుల్లగా దిగింది. యజమాని పరుగున వచ్చి "ఎవరు చూసింది?" అన్నాడు. నా పని పోయిందనుకున్నాను.

"నేనే సార్, సరిగా చూడలేదు," అంది అక్క, అందరికీ వినబడేలా తమిళంలో.

ఆయన అటు తిరగ్గానే నా పక్కకు వచ్చింది. "ముక్కు ఇంట్లో పెట్టి వచ్చినావా ఏమే? రంగు అబద్ధం చెప్తాది, వాసన చెప్పదు. రా, ఇద్దరం ఏరుదాం."

ఇక చూడాలి మా సంబరం! గేటు బయట లారీల హారన్లు, లోపల కాయకాయనూ మూచూసే మా ముక్కులు. సాయంత్రానికి గుజ్జు చిక్కగా, తియ్యగా దిగింది. "ఈ పిల్లే కాపాడింది!" అని తమిళంలో అక్క వేసిన కేకకు నేను గాల్లో తేలిపోయాను.

"ఇదంతా నీకు ఎవరు నేర్పించినారక్కా?" అని ఒకసారి అడిగాను.

"నా మొదటి మేస్త్రీ. అందరి ముందర తిట్టినాడు. మూడు దినాలు చెయ్యి వణికింది. వణికే చేత్తో పనెట్ల సాగుతాది?"

కబురు వచ్చిన ఆ రోజు, బల్ల ఖాళీ కాగానే అందరం అక్క వాళ్ళింటికి వెళ్ళాం. నేను వంగి ఆమె చెవిలో తెలుగులో తిట్టాను. "సీజన్ మొదలైన దినమే పోతావా అక్కా? ఎవురి మింద వదిలిపెట్టి పోయినావు మమ్మల్ని?"

తర్వాత లేచి, వీధంతా వినబడేలా తమిళంలో చెప్పాను, నా చెయ్యి ఒక్కనాడూ వణకలేదంటే అది ఈమె వల్లేనని. ఫ్యాక్టరీలో అక్క ఎవరినైనా మెచ్చుకున్నప్పటిలాగే మా పనివాళ్ళంతా ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆ చేతులకు ఇంకా మామిడి పసుపు వదల్లేదు.