విస్టీన్ మామయ్యకి గొంతునొప్పి

విస్టీన్‌కి సొంత యాసంటూ లేదు. ఎదుటి మనిషి నాలుగు మాటలు మాట్లాడితే చాలు, అయిదో మాటకల్లా విస్టీన్ నోట్లోంచి అదే యాస, అదే సాగతీత, అదే ముక్కుతో పలకడం ఊడిపడేవి. వెక్కిరింపు కాదు పాపం. ఆయన నాలుక తత్వం అది. పక్కవాడు ఆవలిస్తే మనకీ ఆవలింత వచ్చినట్టు ఆయనకి పక్కవాడి యాస వచ్చేసేది.

ఇంకే దేశంలోనైనా ఈ జబ్బుతో గుట్టుగా బతికెయ్యొచ్చు. మాల్టాలో కుదరదు. బస్సెక్కి కునుకు తీస్తే దేశం అయిపోతుంది గానీ, ఆ కునుకులోనే యాసలు అయిదారు మారిపోతాయి. పైగా విస్టీన్ చేసేది చిన్న దీవి గోజోకీ పెద్ద దీవి మాల్టాకీ మధ్య తిరిగే ఫెర్రీలో కార్లు సర్దే పని. దేశంలో ఉన్న ప్రతి ఊరివాడూ ఏదో ఒక రోజు కారు కిటికీలోంచి తల బయటపెట్టి ఈయన మీద అరవాల్సిందే. ఈయన వాడి యాసలోనే తిరిగి అరవాల్సిందే.

ఒకసారి కొర్మీ నుంచి రొట్టెల వ్యాను వచ్చింది. "ఇంకా ఎంత ముందుకి రమ్మంటావయ్యా, సముద్రంలోకా?" అని డ్రైవరు కేకేశాడు. "సముద్రంలోకి వద్దులేవయ్యా, ఆ నీలం కారు వెనక్కి చాలు" అని విస్టీన్ అచ్చం అదే కొర్మీ గొంతుతో కేకేశాడు. డ్రైవరు దిగొచ్చి చొక్కా పట్టుకున్నాడు.

"నన్నే ఎక్కిరిస్తావా?"

"నేనెందుకు ఎక్కిరిస్తానయ్యా?" అని ఈయన మళ్ళీ కొర్మీలోనే.

పట్టు ఇంకాస్త బిగిసింది. ఆ పూట ఫెర్రీ ఆలస్యంగా కదిలింది. కానీ అవతలి రేవు వచ్చేసరికి ఇద్దరూ వ్యాను మెట్టు మీద కూర్చుని ఒకే రొట్టె విరుచుకు తింటున్నారు. డ్రైవరు చచ్చిపోయిన వాళ్ళ అమ్మమ్మ గురించి చెబుతున్నాడు, ఈయన ముక్కు చీదుతున్నాడు.

పాపాలు చెప్పుకోవడానికి చర్చికి వెళ్తే అక్కడా ఇదే తంటా. ఫాదర్‌గారిది నాదూర్ ఊరు. తెర అవతల తన గొంతే తన పాపాలు ఒప్పుకుంటున్నట్టు వినపడేసరికి ఆ పెద్దాయనకి చెమటలు పట్టాయి. "ఈసారికి ఇంటికెళ్ళు నాయనా" అని పంపించేశాడు. పెళ్ళి కాకపోవడానికి కారణం కూడా ఇదేనని చెల్లెలు జూజా అంటుంది. రేవు గట్టున కాసేపు పక్కన నడిచిన పిల్ల, "నీతో మాట్లాడుతుంటే మా నాన్నతో మాట్లాడుతున్నట్టుంది" అని వెనక్కి తిరిగి వెళ్ళిపోయిందట. ఆ తర్వాతి పిల్ల నాన్న దాకా కూడా రాలేదు, "మా బామ్మలా ఉన్నావు" అందట.

ఈ కథలన్నీ చెప్పి ఊరు ఊరంతా నవ్వేది. నవ్వలేనిది ఒక్క కత్రీన్.

కత్రీన్ జూజా కూతురు. మాల్టాలో డాబుసరి మనుషుల ఊరు స్లీమాలో బ్యాంకు ఉద్యోగం. చేరిన కొత్తలో కౌంటరు దగ్గర నోరు తెరిచి తన గోజో ఊరు షెవ్కియా సాగతీతతో నమస్కారం చెప్పగానే పక్క సీటు పిల్ల కిసుక్కుమంది. ఆ రాత్రి కత్రీన్ అద్దం ముందు కూర్చుని తన మాటని తానే కత్తిరించుకోవడం మొదలుపెట్టింది. ఇప్పుడామె స్లీమా వాళ్ళలాగే సగం ఇంగ్లీషు కలిపి, పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడుతుంది. శుక్రవారం సాయంత్రం ఫెర్రీ ఎక్కేటప్పుడు నోట్లో స్లీమా, దిగేటప్పుడు షెవ్కియా. మధ్యలో ఎక్కడైనా మామయ్య ఎదురుపడితే మాత్రం చచ్చేంత సిగ్గు. చేతుల నిండా గ్రీజు మరకలతో ఆయన, "హలో డియర్, వీక్ ఎలా గడిచింది, వెరీ టయరింగా?" అని ఆమె మాట ఆమెకే వడ్డించేవాడు.

అలాంటి కత్రీన్‌ని జూలియన్ ప్రేమించాడు. స్లీమావాడు, మంచి కుర్రాడు. వచ్చిన చిక్కల్లా వాళ్ళమ్మ ఇవొన్‌తోనే. జూలియన్ అన్నయ్య ఒక మోస్తా ఊరి పిల్లని ఇంటికి తీసుకొస్తే ఆవిడ చక్కగా టీ ఇచ్చి, ఆ పిల్ల వెళ్ళాక, "నోరు తెరవనంత సేపు బంగారం" అంది. ఆ సంబంధం అక్కడితో సరి. ఇప్పుడు ఆవిడే జూలియన్‌తో కలిసి షెవ్కియాకి భోజనానికి వస్తానంది. నచ్చితే నిశ్చితార్థం. నచ్చకపోతే టీ తాగినట్టే.

శనివారం నాడు కత్రీన్ పెరట్లో మామయ్యని నిలదీసింది.

"మామయ్యా, రేపు నువ్వు మాట్లాడకూడదు."

"ఎంతసేపు?"

"వాళ్ళు వచ్చిన దగ్గర్నుంచి వెళ్ళేదాకా."

"నేనేం చేశానే?"

"ఏం చెయ్యలేదు. కానీ ఆవిడ రెండు మాటలంటే నువ్వు ఆవిడైపోతావు. ఆవిడ ఎదురుగా ఇంకో ఆవిడ కూర్చుని అన్నం తింటే ఏం బాగుంటుంది చెప్పు? వెక్కిరిస్తున్నావనుకుంటుంది. నా పెళ్ళి ఆగిపోతుంది మామయ్యా. నిజంగా ఆగిపోతుంది."

విస్టీన్ చాలాసేపు ఆలోచించాడు. "నవ్వొచ్చా?"

"నెమ్మదిగా."

"దగ్గు వస్తే?"

"దగ్గు. గొంతునొప్పి అని చెబుదాం, నమ్ముతారు."

చెప్పింది చేసే మనిషాయన. ఆదివారం మధ్యాహ్నం, ఆగస్టు ఎండకి బల్లులే నీడకి పారిపోతుంటే, మెడకి ఉన్ని మఫ్లరు చుట్టుకుని కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. జూజా కుందేలుని వైనులో ఉడికించి, దాని పులుసు స్పగెటీ మీద పోసి, మిరియాలద్దిన జున్నుముద్దలు పళ్ళెంలో పేర్చింది. ఇవొన్ లేత రంగు గౌనులో, నల్ల కళ్ళద్దాలతో దిగి, గుమ్మంలోనే ఆగి ఇల్లంతా చూసింది.

"ఓ, సో క్వయట్ ఇక్కడ. గోజో అంటే నాకు వెరీ రెస్ట్‌ఫుల్" అంది.

విస్టీన్ పెదవులు కదిలాయి. కత్రీన్ ఆయన పాదం మీద తన మడమ ఆనించింది. పెదవులు ఆగాయి.

"మా అన్నయ్యకి గొంతు బాగాలేదండీ, ఏమీ అనుకోకండి" అంది జూజా.

"పూర్ థింగ్" అంది ఇవొన్. ఆయన నెమ్మదిగా నవ్వాడు.

స్పగెటీ గండం గడిచింది. కత్రీన్‌కి గడియారం తన వైపే ఉన్నట్టు అనిపించింది. కుందేలు ముక్కలు వడ్డిస్తుండగా ఇంటి పిల్లి ఒక్క దూకు దూకి ఇవొన్ పళ్ళెంలో కాలు పెట్టింది. ఆవిడ చేత్తో తోసేస్తూ, "పోవే దొంగమొహమా, పో" అంది. వెంటనే రుమాలుతో పెదవులద్దుకుని, "మీ క్యాట్ వెరీ బోల్డ్" అని నవ్వింది. జూలియనూ నవ్వాడు. జూజా పిల్లిని తరుముకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

విస్టీన్ చెంచా మాత్రం గాల్లోనే ఉండిపోయింది.

ఆ ఆగిపోవడం కత్రీన్‌కి బాగా తెలుసు. కొత్త యాస చెవిన పడ్డప్పుడు ఆయన అలాగే ఆగిపోతాడు. ఏం విన్నాడో ఆమెకి అర్థం కాలేదు. ఆయన మాత్రం గబగబా మఫ్లరుని ముక్కు దాకా లాక్కున్నాడు. పైన కళ్ళు మాత్రం ఇవొన్‌నే చూస్తున్నాయి. ఇక అయిపోయింది నా బతుకు అనుకుంది కత్రీన్.

జూజా తిరిగొచ్చి కూర్చుని, ఆ ఊళ్ళో ఎవరైనా అడిగే మాటే అడిగింది. "ఇంతకీ మీరు ఎవరి తాలూకండీ? మమ్మల్ని ఉప్పుమళ్ళ వాళ్ళంటారు. మీ ఇంటిని ఏమంటారు?"

ఇవొన్ ఫోర్కు కిందపెట్టింది. "స్లీమాలో అలాంటి పేర్లుండవండీ."

"అవును ఆంటీ, మాకు లేదు" అన్నాడు జూలియన్. "మామ్ తరఫు వాళ్ళెవరూ లేరు కూడా. తాతయ్యా అమ్మమ్మా నేను పుట్టకముందే పోయారు."

"పేరు లేకపోతే ఏంలే బాబూ. మా అన్నయ్య ఉన్నాడుగా. మనిషి ఒక్క మాటంటే ఊరు చెప్పేస్తాడు. ఊరేమిటి, వీధి కూడా చెప్పేస్తాడు. ఇంతవరకూ తప్పలేదు. అన్నయ్యా, వాళ్ళమ్మగారిది ఫలానా వీధి అని చెప్పు ఈ అబ్బాయికి."

"మామయ్యకి గొంతునొప్పి అమ్మా" అంది కత్రీన్.

"ఏం గొంతునొప్పే, పొద్దున మేకని అరగంట తిట్టాడుగా."

"ప్లీజ్ అంకుల్" అని జూలియన్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "నాకు తెలుసుకోవాలనుంది. మామ్ తన చిన్నప్పటి సంగతి ఒక్కటీ చెప్పదు."

కత్రీన్ ఇవొన్ వైపు చూసింది. ఆవిడ మొహంలో రంగు లేదు. పలకరింపు నవ్వు మాత్రం పెదవుల మీద అలాగే అతుక్కుని ఉంది. చేతి వేళ్ళు రుమాలుని నలుపుతున్నాయి. ఆ మొహం ఎక్కడ చూసిందో కత్రీన్‌కి చప్పున గుర్తొచ్చింది. బ్యాంకులో ఎవరైనా ముసలాయన కౌంటరు మీదికి వంగి, "నువ్వు గోజో పిల్లవి కదూ" అన్నప్పుడు కౌంటరు అద్దంలో కనిపించే తన మొహమే అది. అప్పటిదాకా ఆవిడంటే ఉన్న భయం పోయి, ఆవిడ కోసం భయం పట్టుకుంది. మామయ్య పాదం మీది మడమ ఇంకాస్త గట్టిగా నొక్కింది. మాట్లాడొద్దు మామయ్యా, నీకు పుణ్యముంటుంది, మాట్లాడొద్దు.

విస్టీన్ కాలు వెనక్కి లాక్కుని, మఫ్లరు మెల్లగా విప్పాడు. ఇవొన్ కళ్ళలోకి తేరిపార చూశాడు.

"స్లీమా" అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "నో డౌట్. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. పడుకుంటే అలల చప్పుడు వినపడేంత దగ్గర."

"చూశారా" అని జూజా బల్ల మీద కొట్టింది. జూలియన్ చప్పట్లు చరిచాడు. ఇవొన్ గ్లాసెడు మంచినీళ్ళు గటగటా తాగేసింది.

భోజనాలయ్యాక ఆవిడ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. విస్టీన్ తువ్వాలు అందించాడు. కత్రీన్ తలుపు వెనక గిన్నెలు పట్టుకుని నిలబడిపోయింది.

"మిస్టర్ విస్టీన్, మీకు షూరేనా? స్లీమానేనా?" అంది ఆవిడ, మెల్లగా.

"చెవులు ముసలివైపోయాయి మేడమ్. వాటికి వినపడిందే చెప్పాను."

ఆవిడ తువ్వాలు మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. "సచ్చి నీ కడుపున పుడతాలే అన్నా" అంది. గొంతు లోతు నుంచి, అచ్చులన్నీ వెడల్పు చేసి అంది. అది స్లీమా మాట కాదు, చుట్టుపక్కల మాటా కాదు. దక్షిణాన జెయ్తూన్ సందుల్లో తప్ప ఆ మాట అలా పలకరు.

సరిగ్గా అప్పుడే జూలియన్ కారు తాళాలు తిప్పుకుంటూ పెరట్లోకి వచ్చాడు. విస్టీన్ నోరు తెరుచుకోబోయింది. జెయ్తూన్ యాస నాలుక చివరిదాకా వచ్చేసింది, కత్రీన్‌కి కనిపిస్తూనే ఉంది. ఆయన మఫ్లరు కొస గుప్పెడు తీసి నోట్లో కుక్కుకుని, ఉన్ని నములుతూ, మేక దగ్గరికి వెళ్ళిపోయాడు.

కత్రీన్ వెనకే వెళ్ళింది.

"ఎందుకు అబద్ధం చెప్పావు? నువ్వు ఎవరికైనా వాళ్ళ మాటే కదా చెప్తావు."

ఆయన నోట్లోంచి దారప్పోగులు తీసుకుంటూ మేకకి గడ్డి వేశాడు. "కుర్రతనంలో నేను మాల్టా ఓడల యార్డులో పనికెళ్ళాను తల్లీ. మొదటి రోజు నోరు తెరిచాను, షెడ్డంతా నవ్వింది. ఆ చలికాలమంతా మూగవాడిలా పని చేశాను. ఆకలేస్తే ఆకలని కూడా చెప్పలేదు. ఎవరైనా ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మా ఊరి మాట మాట్లాడితే బాగుండునని ఏడ్చాను. అప్పట్నుంచి నా ముందుకొచ్చిన మనిషికి పరాయి చోటనిపించకూడదనుకున్నా. ఇవాళ ఆవిడకి స్లీమా కావాలి. ఇచ్చాను. పోయిందేముంది?"

కత్రీన్ తడిసిన మఫ్లరు తీసి మడతపెట్టింది. ఆయన భుజానికి తల ఆనించింది.

సాయంత్రం ఫెర్రీలో ఆయనకి డ్యూటీ. సోమవారం బ్యాంకు ఉంది కాబట్టి కత్రీన్ కూడా జూలియన్ వాళ్ళ కార్లోనే బయల్దేరింది. ముందు సీట్లో ఇవొన్ కళ్ళద్దాలు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. నచ్చిందో లేదో తెలియడం లేదు. ఫెర్రీలోకి ఎక్కాక విస్టీన్ "కొంచెం లెఫ్ట్, పర్‌ఫెక్ట్, మేడమ్" అని స్లీమాలో సర్దుతున్నాడు. ఇంతలో పక్కనుంచి కూరగాయల లారీ ఒకటి జొరబడింది. ఫట్‌మని కారు అద్దం పగిలి కింద పడింది.

"అద్దమే కదా" అన్నాడు లారీవాడు కిటికీలోంచి. "స్లీమా మేడమ్‌గారు ఇంకోటి కొనుక్కోలేరా?"

ఇవొన్ తలుపు తీసుకుని దిగింది. నోరు తెరిచింది, మూసింది. విస్టీన్ దూరం నుంచే వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆవిడ కళ్ళద్దాలు తీసి కారు మీద పెట్టింది.

"అద్దమే కదా అంటావట్రా? మా అయ్య ఇంతకన్నా పెద్ద బండి తోలాడు, జెయ్తూన్ సందుల్లో, గాడిదలకే దారి సాలని సందుల్లో. ఒక్క గోడకి గీత పడ్డం నేనెరగను. దిగు కిందకి. ఆ ముక్కలన్నీ ఏరు. ఒక్కటి మిగిలినా నీ టమాటాలన్నీ సముద్రంలో పోయిస్తా."

లారీవాడు కిక్కురుమనకుండా దిగాడు.

"సేత్తో ఏరకురా, తెగుద్ది" అన్నాడు విస్టీన్, ఇక ఆపుకోలేక, నిండు జెయ్తూన్‌లో. "సీపురు తెస్తానుండు."

ఇవొన్‌కి నవ్వొచ్చింది. ఎంత నవ్వొచ్చిందంటే కారు పట్టుకుని వంగిపోయింది. తర్వాత వచ్చి సీట్లో కూర్చుని, జుట్టు సర్దుకుంది. జూలియన్ నోరు తెరుచుకుని తల్లినే చూస్తున్నాడు.

"అట్టా సూస్తావేంటి?" అంది ఆవిడ. "వచ్చే ఆదివారం జెయ్తూన్‌లో భోజనం. కత్రీన్, మీ అమ్మనీ మామయ్యనీ తీసుకురా తల్లీ. నిశ్చితార్థం సంగతి మా అక్క ఇంట్లోనే మాట్లాడుకుందాం."

"వస్తామాంటీ" అంది కత్రీన్. ఆ మాట షెవ్కియా యాసలో ఎంత పొడుగు సాగాలో అంతా సాగింది. తర్వాత ఏడ్చేసింది.

ఫెర్రీ కదిలింది. జూలియన్‌కి ఇంకా తేరుకోవడం చేతకాలేదు.

"మామ్, నాకు పెద్దమ్మ ఉందా?"

"ముగ్గురు" అంది ఇవొన్.