ఎర్రదానికి బోను, కర్రెదానికి వాకిలి

మా ఇంట్లో రెండు కుక్కలు ఉన్న రోజుల గురించి ఎప్పుడు తలచుకున్నా, నాకు ముందుగా గుర్తొచ్చేది బాపు మీద పెంచుకున్న కోపమే. నాన్నను మేం బాపు అనేవాళ్ళం, అమ్మను అవ్వ అనేవాళ్ళం. అప్పుడు నాకు పదేళ్ళు ఉంటాయి. మానేరు ఒడ్డున నేతవాళ్ళ వాడలో మా ఇల్లు. బాపు గుంట మగ్గం మీద నేసేవాడు. అవ్వ రాట్నం తిప్పుతూ కండెలు చుట్టేది. బడి లేనప్పుడు నేను అవ్వ పక్కన కూర్చొని నూలు చిక్కులు విప్పేదాన్ని.

కర్రెది మా సొంత కుక్క. ఒళ్ళంతా నలుపు కాబట్టి కర్రెది. అంతకు మించి దానికి పేరేమీ లేదు. నేను నడక నేర్చింది దాని చెవులు పట్టుకునే అని అవ్వ నవ్వుతూ చెప్పేది. మా వాడ పద్ధతులన్నీ దానికి తెలుసు. పొద్దు పొడిచే వేళకు వీధి పొడవునా పడుగులు చాపి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వేవాళ్ళు. మగ్గానికి ఎక్కబోయే నూలంతా ఆ సమయానికి కర్రల మీద బిగించి ఉండేది. ఒక్క కర్ర పక్కకు పడినా పడుగంతా నేలకు వాలిపోతుంది. తడి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి, విడదీయబోతే పుటుక్కున తెగుతాయి. అందుకని ఆ వేళలో పిల్లలం కూడా గోడల వెంట నడిచేవాళ్ళం. కర్రెది సరేసరి, గోడకు ఒళ్ళు రాసుకుంటూ వెళ్ళేది.

ఎర్రది పక్కింటి వాళ్ళది. మానేటి వరదకు ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి ఇసుక దిబ్బ మీద వణుకుతున్న కుక్కపిల్లను పక్కింటి అత్త కొంగులో చుట్టి తెచ్చుకుంది. అంబలి తాగించి పెంచింది. వరసకు ఆమె బాపుకు చెల్లెలు. ఆ రోజుల్లో మా వాడ నుంచి ఏటా ఒకటో రెండో కుటుంబాలు షోలాపూరుకో బొంబాయికో పోయి మిల్లుల్లో కుదురుకునేవి. అత్తావాళ్ళూ ఒక ఎండాకాలం ఇంటికి తాళం వేశారు. అక్కడ ఉండబోయేది ఒకే ఒక్క గదిలో, మరో కుటుంబంతో కలిసి. కుక్కను తీసుకుపోయే దారి లేదు. పొద్దున్నే వెళ్ళే మొదటి బస్సు దగ్గర ఆమె ఎర్రదాని తాడు బాపు చేతిలో పెట్టింది.

“అన్నా, దసరకు వస్తం. గప్పటిదాక దీన్ని జర చూసుకో.”

“నా ఇంట్ల కర్రెది ఎట్లనో, ఇది గూడ అట్లనే. నువ్వు ఫికర్ పడకు,” అన్నాడు బాపు.

ఆ మాట నేను పక్కనే నిలబడి విన్నాను.

మర్నాటి నుంచే మొదలైంది. మొదటి బస్సు హారను వినిపించగానే ఎర్రది తాడు తెంపుకొని బస్సు ఆగే చోటుకు ఉరికింది. ఆ బస్సు వచ్చేదీ, వాడలో పడుగులు చాపేదీ ఒకే వేళ. మొదటిసారి మా పడుగే పోయింది. బాపు పడిన కర్రలు మళ్ళీ నిలబెట్టాడు, అవ్వ మాత్రం ఆ రోజంతా మూతి ముడుచుకుంది. ఇంకో తాడు కడితే ఒక్క రాత్రిలో కొరికేసింది. గొలుసు వేస్తే గుంజుకొని గుంజుకొని మెడ పుండు చేసుకుంది. మూడోసారి తప్పించుకున్నప్పుడు పక్కవాళ్ళ పడుగును కూల్చింది. పెద్దమనుషులు వచ్చి, సంచిలో వేసి ఏరు దాటించి రమ్మన్నారు. బాపు ఒప్పుకోలేదు. మాట ఇచ్చినంక ఎట్ల తోలుత అన్నాడు. ఇంకొక్కసారి ఎవరి పడుగుకైనా నష్టం వస్తే తనదే పూచీ అని కూడా అన్నాడు.

మా తాత నేసిన పాత మగ్గం కట్టెలు అటక మీద ఉండేవి. బాపు వాటిని దించి, వెదురు బద్దలు కలిపి, పెరటి గోడ పక్కన ఒక బోను చేశాడు. కుక్క నిలబడొచ్చు, తిరిగి పడుకోవచ్చు, అంత పెద్దది. తలుపుకు మేకు లాంటి కట్టె గొళ్ళెం. చీకటితోనే ఎర్రదాన్ని అందులో పెట్టి, పడుగులు ఎత్తాక వదిలేవాడు. సాయంత్రం తనే దాన్ని మానేరు దాకా తిప్పుకొచ్చేవాడు. కర్రెదాన్ని మాత్రం ఎప్పుడూ కట్టలేదు. అది వాకిట్లో ఎండ ఎటు జరిగితే అటు జరుగుతూ పడుకునేది.

ఎట్లనో అట్లనే అన్న మాట ఏమైందని లోపల్లోపల బాపును నిలదీసేదాన్ని. నా జొన్నరొట్టెలో సగం తుంచి బద్దల సందుల్లోంచి ఎర్రదానికి పెట్టేదాన్ని. అది రొట్టె తినేది కానీ కళ్ళు నా మీద ఉండేవి కావు, వీధి తలుపు మీద ఉండేవి.

వానలు మొదలైన కొత్తలో ఒకరోజు పొద్దున కర్రెది గడప మీద కాళ్ళు చాపుకొని ఆవులించింది. బోనులోంచి ఎర్రది దాన్నే చూస్తోంది. ఇక ఉండబట్టలేక గొళ్ళెం లాగేశాను. రెండూ కలిసి ఆడుకుంటాయనుకున్నాను. నిజంగానే కాసేపు పెరట్లో ఒకదాని మూతి ఒకటి వాసన చూసుకున్నాయి. అంతలో బస్సు హారను మోగింది.

ఆ రోజు కూలింది మా ఎదురింటి తాత పడుగు. ఆయన ఒంటరి మనిషి, కళ్ళు సరిగా ఆనవు. పడుగు చాపడానికే నలుగురి సాయం కావాలి. బురదలో పడిన నూలు ముందు ఆయన గొంతుకూర్చొని, వేళ్ళతో తడుముతూ ఏ పోగు ఎక్కడ తెగిందో వెతుక్కుంటున్నాడు. బాపు మగ్గం దిగి పరుగున వచ్చాడు.

“గొళ్ళెం నేనే సక్కగ పెట్టలే కాకా. తప్పు నాదే,” అన్నాడు తల వంచుకొని.

బాపు అంతకు ముందెప్పుడూ ఎవరి ముందూ తల వంచగా నేను చూడలేదు. మధ్యాహ్నం దాకా ఎలాగో బిగబట్టుకున్నాను. జొన్న గటక తినడానికి కూర్చున్నప్పుడు, గొళ్ళెం తీసింది నేనని చెప్పేశాను. అవ్వ చెయ్యెత్తింది. బాపు ఆమెను ఆపి, “నాకు చెప్పినవ్, మంచిగైంది. ఇగ పోయి తాతకు చెప్పు,” అన్నాడు.

వీధి దాటడానికి నాకు పది అడుగులు చాలు. ఆ రోజు ఆ పది అడుగులకే చాలాసేపు పట్టింది. తాత విన్నాడు, తిట్టలేదు. కొంచెం జరిగి పక్కన చోటిచ్చి, తెగిన పోగు కొస నా వేళ్ళ మధ్య పెట్టాడు. మూడు రోజులు బడి మాని ఆయన దగ్గర కూర్చొని పోగులు అతికాను. రెండో రోజు ఆయనే అడిగాడు, ఎందుకు తీసినవ్ బిడ్డ అని. బాపు ఒకదాన్ని ఒకతీరుగా, ఇంకోదాన్ని ఇంకోతీరుగా చూస్తున్నాడని చెప్పాను. తాత వేళ్ళ మధ్య నూలు నలుపుతూ అన్నాడు.

“కర్రెదానికి యాడికి పోయేది లేదు, అందుకే దానికి తలుపు అక్కర లేదు. ఎర్రదాని పానమంతా బస్సు కాడ ఉంది. మీ బాపు ఏం జేస్తడు?”

ఆ మాట అప్పుడు నాకు పూర్తిగా ఒంటబట్టలేదు. పెద్దయ్యాక నా ఇద్దరు పిల్లల్లో ఒకరిని చెయ్యి వదిలి, ఒకరిని చెయ్యి పట్టుకొని నడిపించాల్సి వచ్చినప్పుడు, ‘నువ్వు పక్షపాతివి’ అని వాళ్ళలో ఒకరు నన్ను నిలదీసినప్పుడు కానీ అర్థం కాలేదు. ఆ సంగతి వేరే.

దసరాకు వస్తామన్న అత్త ఆ దసరాకు రాలేదు. మరుసటి ఏడు వానాకాలంలో, ఇల్లు కురుస్తోందని కబురు అందాక ఒక్కతే వచ్చింది. పొద్దున బస్సు దిగి నేరుగా మా ఇంటికే నడిచింది. వాకిట్లో కర్రెది తోకాడించింది. పెరట్లో బోనులోంచి ఎర్రది ఆమె గొంతు విని బద్దలు గీకుతూ, ఏడుస్తున్నట్టు సన్నగా మూలిగింది. అత్త బోనును చూసి ఆగిపోయింది.

“ఇదేంది అన్నా? నీ కుక్క వాకిట్ల, నా కుక్క బోన్లనా?”

బాపు భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

“అట్లనే చూసుకుంట అన్నవ్ గద.”

“అవును, అట్లనే అన్న,” అన్నాడు బాపు. అంతే.

అవ్వ ఏదో చెప్పబోతే చేత్తో వారించాడు. అత్త కళ్ళు తుడుచుకుంటూ గొళ్ళెం తీసి ఎర్రదాన్ని వెంటబెట్టుకొని తన ఇంటికి వెళ్ళిపోయింది. ఆ పూట మా ఇంట్లో ఎవరమూ సరిగా తినలేదు. సాయంత్రం నేనొక్కదాన్నే వెళ్ళాను. అత్త గడప మీద కూర్చొని ఉంది, ఎర్రది ఆమె ఒడిలో తలపెట్టుకొని ఉంది. తాళ్ళు కొరకడం, మెడ పుండు, ఏరు దాటించమన్న పెద్దలు, నేను గొళ్ళెం తీయడం, తాత పడుగు, అన్నీ చెప్పాను. మధ్యలో ఆమె దాని మెడ మీది వెంట్రుకలు విడదీసి పాత మచ్చను వెతికి చూసుకుంది. పొద్దుగూకే వేళకు మా ఇంటికి వచ్చి అవ్వ దగ్గర గింత పచ్చడి అడిగి తీసుకుంది. అలిగిన మనిషి పచ్చడి అడగదు కాబట్టి, అవ్వ ముఖం తేటపడింది.

నాలుగు రోజులు ఉంది అత్త. పెంకులు సర్దించుకుంది. ఆ నాలుగు రోజులూ ఎర్రది ఆమె కాలు విడిచి కదల్లేదు. పొద్దున బస్సు వచ్చి హారను కొట్టి పోయినా చెవి కూడా ఎత్తలేదు.

అయిదో రోజు చీకటితోనే అత్త మూటతో మా పెరట్లోకి వచ్చింది. వెనకే ఎర్రది. బోను దగ్గర నిలబడి, నేనే పెడత అంది. బాపు తప్పుకున్నాడు. లోపలికి పొమ్మని అత్త చెయ్యి చూపగానే అది ఆమె ముఖంలోకి ఒకసారి చూసి, మారాం చేయకుండా వెళ్ళి పడుకుంది. అది గింజుకుంటుందని ఆమె అనుకున్నట్టుంది.

“గింత మంచిగ పోతదా అన్నా,” అంది. గొళ్ళెం ఆమె చేతికి రెండుసార్లు తప్పి, మూడోసారి పడింది. “బస్సు ఊరు దాటినంకనే తియ్యి.”

హారను వినిపించినప్పుడు ఎర్రది లేచి నిలబడింది. మొరగలేదు. బాపు ఆ రోజు మగ్గం ఎక్కలేదు, పొద్దెక్కేదాకా బోను పక్కనే కూర్చున్నాడు. ఆ తర్వాత గొళ్ళెం తీస్తే అది నెమ్మదిగా బస్సు ఆగే చోటుకు నడిచి, అక్కడి మట్టినంతా వాసన చూసి, మధ్యాహ్నానికి తనే తిరిగి వచ్చింది.

చలికాలం వచ్చేసరికి ఒక సంగతి గమనించాం. హారను మోగినా ఎర్రది కదలడం లేదు. బాపు ఒకరోజు భయపడుతూనే బోను తలుపు తెరిచే ఉంచాడు. ఏమీ కాలేదు. తర్వాత ఇంక మూయలేదు. పడుగుల మధ్య అదీ గోడ వారగా నడవడం నేర్చుకుంది. వాడంతా మెచ్చుకుంది, నేనూ సంబరపడ్డాను. ఆ కుక్క అత్తను మరిచిపోయిందో, ఇక రాదని తెలుసుకుందో మాకు తెలియదు. అందులో సంబరపడాల్సింది ఏముందని ఇప్పుడు అనిపిస్తుంది.

షోలాపూరు నుంచి అత్త ఎవరిచేతో రాయించిన ఉత్తరాలు వచ్చేవి. ప్రతిదాంట్లో ఎర్రది ఎట్ల ఉందని ఉండేది. జవాబులు బాపు చెబుతుంటే నేను రాసేదాన్ని. ఎర్రది ఇప్పుడు బోనులో లేదని, కర్రెదానితో కలిసి వాకిట్లోనే పడుకుంటోందని రాశాను. బస్సు హారనుకు లేవడం మానేసిందని కూడా రాయాలా అని అడిగాను. బాపు చేతిలోని కండె కింద పెట్టి, అది రాయవద్దన్నాడు.