నా కూతురి కంట్లో కొట్టుకున్న నాడి

ఆ ఉదయం జువ్వలదిన్నెలో మా ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాను. మా నాలుగేళ్ల పాప మేఘన నా ఒళ్లో వెల్లకిలా పడుకుని కొంగల్ని చూస్తోంది. దాని ఎడమకన్ను కాస్త ముందుకు ఉంటుంది. మా అమ్మ పోలిక అనుకునేవాళ్లం. ఆ రోజు ఆ కన్ను మెల్లగా అదురుతోంది, గాలానికి కట్టిన బెండు నీళ్లమీద ఊగినట్టు. చెయ్యి పట్టి చూశాను. నాడి కొట్టినప్పుడల్లా కన్ను కదులుతోంది!

నా భార్య కామాక్షిని పిలిచి చెప్పాను.

“పోయిన వారం పడవని ఈడ్చుకోని పొయ్యిన సొరచేప కథ అయిపొయ్యిందా? ఇప్పుడు కంట్లో నాడి కొట్టుకుంటా ఉండాదా?” అంది.

ఆమె తప్పేం లేదు. ఆ సొరచేప నిజానికి మూరెడు. రేవు నుంచి ఇంటికొచ్చేలోగా నేనే దాన్ని పెంచాను.

టౌనులో డాక్టరు దగ్గరా అదే పని చేశాను. నమ్మడేమోనని, కన్ను అంగుళం బయటికొచ్చి లోపలికి పోతోందన్నాను. పాప ఏడుస్తూ కుదురుగా ఉండలేదు. ఆయనకేమీ కనబడలేదు. “అంగుళమా?” అని నవ్వి చుక్కల మందు రాశాడు.

మూడు నెలలు అవే వేశాం. ఈలోగా కన్ను ఇంకా ముందుకొచ్చింది. కుడికన్ను మూస్తే, బొమ్మల పుస్తకంలో చేపని చూపించి పడవ అనేది పాప.

ఒకరోజు పాప తల దువ్వుతూ కామాక్షి ఆగిపోయింది. “యోవ్, ఇట్రా! నిజంగానే కొట్టుకుంటా ఉండాది. అబద్ధాలు చెప్పి చెప్పి నిజాన్ని గూడా చెడగొట్టినావు గదయ్యా!” పాప టీవీ చూస్తుంటే ఫోన్లో వీడియో తీసింది.

నెల్లూరులో పెద్ద డాక్టరుగారు ఆ వీడియో రెండుసార్లు చూశారు. రెప్పమీద వేలు ఆనించారు. సీటీ స్కాన్, ఎమ్మారై అయ్యాయి.

“కంటిగూటి వెనక, మెదడుకీ కంటికీ మధ్య ఉండాల్సిన ఎముక పుట్టుకతోనే సరిగా ఏర్పడలేదు. స్ఫినాయిడ్ బోన్ డిఫెక్ట్. మెదడు కూడా నాడితో పాటే కొట్టుకుంటుంది. ఆ అదురు నేరుగా కంటికి తగులుతోంది. చాలా అరుదు.”

ఇన్నేళ్లలో నేనల్లిన ఏ కథా ఇంత వింతగా లేదు.

న్యూరోసర్జనూ కంటి సర్జనూ కలిసి ఆపరేషన్ చేయాలన్నారు. పుర్రె ఎముక ముక్కతో, టైటానియం మెష్‌తో ఆ గోడ కడతారట. మెష్ అంటే సన్నటి వల లాంటిదే. చూపించమని అడిగి, తిప్పి తిప్పి చూశాను.

“ఉప్పునీళ్లకి తుప్పు పడితే సార్?”

“పట్టదు, కన్నీళ్లక్కూడా. చూపు ఎంత మిగులుతుందో మాత్రం ఇప్పుడే చెప్పలేను.”

ఆపరేషన్ తర్వాత ముఖం వాచి, వారం దాకా ఆ కన్ను తెరుచుకోలేదు. తెరిచాక అన్నీ రెండుగా కనబడ్డాయి. “నాన్నా, నువ్వు ఇద్దరున్నావే!” అంది పాప.

“ఒకడితోనే ఏగలేకుండా ఉండాను తల్లీ!” అని కామాక్షి నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఇది జరిగి ఏడాదయింది. ఇప్పుడు అన్నీ రెండుగా కనబడటం లేదు. ఎడమకంటికి చూడటం అలవాటు కావాలని, బాగున్న కంటిని రోజూ రెండు గంటలు ప్యాచ్‌తో మూస్తున్నాం. ఎడమకన్ను ఇంకా కొంచెం ముందుకే ఉంది, కానీ ఆ కంటితో చేపని చేపే అంటోంది. పొద్దున్నే దాని చెయ్యి పట్టుకుని చూస్తాను. నాడి కొట్టుకుంటుంది, కన్ను నిమ్మళంగా ఉంటుంది. నా కూతురి తలలో వల ఉందని రేవులో చెబితే ఒక్కడూ నమ్మడు. ఈ ఒక్క కథలో మాత్రం నేను వెంట్రుకవాసి కూడా కలపలేదు.

పిల్లల్లో వింతగా ఏది కనబడినా ఫోన్లో వీడియో తీసి చూపించండి. ఎంత కదిలితే అంతే చెప్పండి. సొరచేపని ఎంతైనా పెంచుకోండి, డాక్టరు గది గడప బయట.