చౌడు చెక్క

గునపం పట్టుకున్నవాళ్ళని ఏం నాటుతున్నారని నేనిప్పుడు అడగను.

నర్సీపట్నంలో రావికమతం బస్సెక్కాను. పక్క సీట్లో పెద్దాయన మోకాళ్ళ మధ్య గునపం నిలబెట్టుకుని కూర్చున్నాడు. కొలిమిలో అప్పుడే సాగదీయించిన మొన ఇంకా నీలంగా ఉంది. అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి.

"జీడిమొక్కలకి గోతులా?" అన్నాను.

"సౌడు నేలండి. పైన జానెడే మన్ను. అడుగు పొర సిమెంటే అనుకోండి. మొన వొంగిపోనాది."

"నీళ్ళు పెట్టి రెండ్రోజులు నాననివ్వండి, మెత్తబడుతుంది," అని తెలిసినవాడిలా చెప్పాను.

"నీల్లు దిగవండి, పైనే నిలబడిపోతన్నాయి. అయినా రెండ్రోజులు ఆగలేం." కిటికీలోంచి బయటికి చూశాడు. "మా మనవరాలండి. నెలల పిల్ల. సంటిపిల్లల్ని కాల్సం కదండి, పాతాల. మాకున్న బూమి ఆ సెక్కొకటే."



తెల్లగా ఉప్పు తేరిన చేను దగ్గర బస్సాపించి దిగాడు. గట్టు మీద ఒకమ్మాయి కొంగు కప్పిన చిన్న మూటని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గునపం కనబడగానే దాన్ని ఇంకాస్త గుండెకి అదుముకుంది.